సత్యవతి ఆంటీ మోకాలిచిప్ప

కిందటేడు వానల్లో, మలేషియాలోని క్లాంగ్‌లో నేను పనిచేసే ఫిజియోథెరపీ సెంటర్‌కి సత్యవతి ఆంటీ కుంటుకుంటూ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గ్లవ్స్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి మానేసింది. పది రోజులుగా కుడి మోకాలి ముందు వైపు నొప్పి. మెట్లు దిగితే ఎక్కువవుతోంది, కాలు చాపుకుంటే తగ్గుతోంది.

"పడ్డారా ఆంటీ? దెబ్బ ఏమైనా తగిలిందా?"

"లేదు లా," అంది, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి.

"ఎక్సర్‌సైజ్ ఏమైనా చేస్తారా? నడక, జుంబా లాంటివి?"

"నాకెక్కడిదమ్మా అంత తీరిక? మా ఆయనకి గుండె ఆపరేషన్ ఉంది. ఆయన్ని సూసుకోడానికే పొద్దు సరిపోతంది."

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఈ వయసులో ఇలాంటి నొప్పి చాలావరకు తొడ కండరం బలం తగ్గడం వల్ల వస్తుంది. చిప్ప తన గాడిలో సాఫీగా జారక ఒరుసుకుంటుంది. పదిహేనేళ్లుగా చూస్తున్న మోకాళ్లే కదా అని నేనూ పెద్దగా ఆలోచించలేదు. కండరం గట్టిపడడానికి మినీ స్క్వాట్లు, అంటే గోడకు ఆనుకుని సగం వరకు కూర్చుని లేవడం, రోజుకు ముప్పై రాసిచ్చాను.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. నొప్పి తగ్గకపోగా పెరిగింది.

"నువ్వు సెప్పినట్టే సేసినానమ్మా, ఒక్క రోజు కూడా మాన్లేదు," అంది.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాను. ఒరిపిడి నొప్పి ఉన్నవాళ్లు సాధారణంగా అరచేత్తో చిప్పంతా తడుముతారు. ఈమె వేలు చిప్ప కింది సగంలో ఒక్కచోటే ఆగింది. అక్కడ నొక్కితే మొహం ముడుచుకుంది. చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే టెండన్‌ని నొక్కితే మాత్రం ఏమీ అనలేదు. అంటే నొప్పి ఎముకలోనే ఉంది. దెబ్బ తగలని ఎముక ఎందుకు నొస్తుందో నాకు అంతుపట్టలేదు.

"ఒక్కసారి కూర్చుని లేవండి. సగం దాకా చాలు," అన్నాను.

ఆంటీ నిలబడింది. కుడిచెయ్యి వెళ్లి ఎడమ చెవిని, ఎడమచెయ్యి వెళ్లి కుడి చెవిని పట్టుకున్నాయి. వెంటనే చేతులు దించేసి, చూశానేమోనని నా వంక చూసింది.

"రోజూ గుంజీలు తీస్తున్నారా ఆంటీ?"

మొక్కు బయటికి చెబితే ఫలించదని ఆమె నమ్మకమట. బతిమాలగా బతిమాలగా చెప్పింది. భర్త ఆపరేషన్ బాగా జరగాలని వినాయకుడి గుళ్లో రోజూ పొద్దున్నే నూట ఎనిమిది గుంజీలు, నలభై ఎనిమిది రోజులు.

"ఎక్సర్‌సైజ్ చేస్తారా అని అడిగాను కదా?"

"దేవుడికి మొక్కుకున్నది ఎక్సర్‌సైజ్ ఎలాగవుతాదమ్మా?"

ఆమె అబద్ధమాడలేదు. నేను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది.

ఇది స్ట్రెస్ ఫ్రాక్చరేమోనని అప్పుడు అనుమానం వచ్చింది. అంటే ఒక్క దెబ్బతో విరగడం కాదు. అదే బరువు రోజూ పడుతుంటే, ఎముక తనను తాను బాగుచేసుకునే లోపే ఇంకా దెబ్బతిని బీట వారుతుంది. గొంతుకూర్చున్నప్పుడు చిప్పను తొడ కండరం పైకి, టెండన్ కిందికి లాగుతాయి, వెనక నుంచి తొడ ఎముక నెడుతుంది. చెరకు గడను మోకాలికి ఆనించి విరిచినట్టే. చిప్పలో ఇది అరుదు కాబట్టి ఎవరికీ తట్టదు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. నేను ఎముకల డాక్టర్‌తో మాట్లాడితే ఆయన ఎమ్మారై తీయించారు. చిప్పకు అడ్డంగా సన్నటి గీత, దాని చుట్టూ ఎముకలో వాపు. ఇంకా రెండు ముక్కలు కాలేదు.

కాలు వంగకుండా బ్రేస్ కట్టాలి, గుంజీలు ఆపాలి. ఆంటీ ఒప్పుకోలేదు.

"ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయమ్మా."

"ఈలోగా చిప్ప విరిగితే మీకే ఆపరేషన్. అంకుల్ని ఎవరు చూసుకుంటారు?"

"మధ్యలో ఆపేసినాక ఆయనకేటైనా అయితే? నా మూలాన్నే అయ్యిందని బతికినన్నాళ్లూ ఏడుస్తాను."

మొక్కులంటే నాకు నమ్మకం లేదు, కానీ ఆ మాట ఆమెతో అనే మొహం లేదు. "మీ నూట ఎనిమిదీ చాలవన్నట్టు నేను ఇంకో ముప్పై కలిపాను. అది నా తప్పే ఆంటీ," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మిగిలినవి నువ్వు తియ్యి."

వేళాకోళం అనుకున్నాను. కాదు. నేను ఒప్పుకున్నాకే బ్రేస్‌కి కాలు చాపింది.

మర్నాటి నుంచి పనికి వెళ్లే ముందు ఆమెను కారెక్కించుకుని గుడికి వెళ్లేదాన్ని. ఆమె కుర్చీలో కాలు చాపుకుని లెక్కపెట్టేది. "సగం కూసుంటే లెక్కలోకి రాదు," అనేది. నాకు నలభై రెండేళ్లు. మూడో రోజుకి సెంటర్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే నా పేషెంట్లే నన్ను చూసి నవ్వారు. రోజుకు ముప్పై అని కాగితం మీద రాసేటప్పుడు నేనెప్పుడూ ఇంత బరువు ఊహించలేదు. ఆ మోకాలు అప్పటికే ఏమేం మోస్తోందో కూడా అడగలేదు. ఇప్పుడు ఎవరు మోకాలి నొప్పని వచ్చినా, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చేసే పనులన్నీ చెప్పమనడంతో సరిపెట్టను, చేసి చూపించమంటాను.

అంకుల్ ఆపరేషన్ బాగానే జరిగింది. ఆంటీ చిప్ప రెండు నెలలకు అతుక్కుంది.

ఆ తొమ్మిది రోజుల్లో ఏడో రోజు పొద్దున మాత్రం కుండపోత వాన. కాళ్లు కదల్లేదు. ఇవాళ్టికి ఎగ్గొడదాం, ఏమవుతుందిలే అనుకుని దుప్పటి కప్పుకున్నాను. మరుక్షణం, ఒకవేళ ఆయనకేమైనా అయితే అనిపించింది. నాకు నమ్మకం లేదని చెప్పాను కదా. అయినా లేచాను, కారు తాళాలు వెతుక్కున్నాను.