ఆమె చెప్పుకున్న మా అమ్మమ్మ

లండన్‌లో నటన నేర్చుకునే రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న ఇంగ్లీషు పిల్ల ఇవాళ పెద్ద తార. నేను పెళ్లయి సింగపూర్ వచ్చి, టాంపినీస్‌లో పిల్లలకు స్పష్టంగా మాట్లాడడం నేర్పుతున్నాను. ఆమెకు వేషాలు వచ్చాయి, నాకు రాలేదు. అందుకు నాకు కుళ్లు లేదు. కోపం మాత్రం ఉంది, అది మా అమ్మమ్మ గురించి.

అమ్మమ్మ తెనాలిలో పద్యనాటకాలు ఆడేది. చిన్నప్పుడు నన్ను దీపం ముందు కూర్చోబెట్టి పద్యం చెప్పించేది. 'ప' అంటే దీపం కదలకూడదు, 'ఫ' అంటే ఆరిపోవాలి. తప్పితే తొడపాశం పెట్టేది. ఒక సాయంత్రం గదిలో కొవ్వొత్తి వెలిగించి ఇదంతా చేసి చూపిస్తే ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

పేరొచ్చాక ఇంటర్వ్యూల్లో తన బాల్యం చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఉత్తర ఇంగ్లండ్‌లో వాళ్ల అమ్మమ్మ కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టి, 'ప' అంటే మంట కదలకూడదని మాటలు దిద్దేదట, తప్పితే తొడ గిల్లేదట! మొదటిసారి విన్నప్పుడు టీవీని పట్టుకుని తిట్టాను.

"పోనిద్దూ, అందరి అమ్మమ్మలూ అంతేలే" అన్నారు మా ఆయన. ఆ పూట ఆయనకు నా చేతి వంట లేదు.

ఈమధ్య ఆమె ఇక్కడికే వచ్చింది. వన్-నార్త్ అనే పేటలో ఒక హాల్లో విద్యార్థులతో ముచ్చట్లు. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. మా అమ్మాయి ముందే పోయి, మొదటి వరస కుర్చీల్లో టిష్యూ ప్యాకెట్లు పెట్టి మా చోట్లు చోప్ చేసింది, సీటు పట్టిపెట్టడాన్ని ఇక్కడ అలాగే అంటారు.

ఆమె కొవ్వొత్తి కథ ఎత్తుకుంది. హాలంతా కరిగిపోయింది. ప్రశ్నలు అడగమనగానే మైకు అందుకున్నాను. నన్ను గుర్తుపట్టలేదు.

"ఒక్కసారి చేసి చూపిస్తారా?" అన్నాను.

లోపల నిప్పు వెలిగించకూడదు కనక టిష్యూ ఒకటి తీసి, పొర విడదీసి, వేదికెక్కి ఆమె నోటి ముందు పట్టుకున్నాను. ఆమె ధీమాగా "పీపుల్" అంది. కాగితం ఎగిరింది. "పవర్" అంది. మళ్లీ ఎగిరింది. ఇంగ్లీషువాళ్ల నోట మాట మొదట్లో 'ప' ఊపిరిని వెంటబెట్టుకునే వస్తుంది. అందులో ఆమె తప్పేం లేదు. దొంగిలించేముందు ఆ సంగతి చూసుకోలేదు, అంతే.

కాగితం నా నోటి ముందు పెట్టుకుని "పాప పాలు పారబోసింది" అన్నాను. కదల్లేదు. "ఫలం" అన్నాను. ఎగిరింది.

"ఇది నేర్పింది మా అమ్మమ్మ. ఈవిడకు చూపించింది నేను" అని మైకులో చెప్పాను. అప్పుడు గుర్తుపట్టింది. ఆ మొహం చూస్తుంటే నాకెంత హాయిగా ఉందో దాచుకోను.

"అమ్మా, ఎనఫ్ లా! షీ ఈజ్ క్రయింగ్!" అని మా అమ్మాయి కొంగు లాగింది.

సభ అయ్యాక ఆమె వెనక గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నేను అనాథాశ్రమంలో పెరిగాను. నాకు అమ్మమ్మ లేదు. అందరూ చిన్నప్పటి కథ చెప్పమంటారు. నాకు తెలిసిన అమ్మమ్మ మీ అమ్మమ్మ ఒక్కతే" అంది.

జాలేసిన మాట నిజం. అడిగి ఉంటే, అమ్మమ్మ పేరు చెప్పి ఎన్నిసార్లయినా చెప్పుకోమనేదాన్ని. అడగలేదు. చెయ్యి విడిపించుకుని, మా అమ్మాయిని తీసుకుని ట్రైనెక్కేశాను.