పిట్టల గొంతు దించిన సౌండాయన

ఆ వీధిలో అందరూ అతన్ని సౌండాయన అనేవారు. పనిచేసే రేడియో స్టేషన్ మూతపడ్డాక దర్జీ దుకాణం మీది గదిలో చేరి, పదకొండేళ్లుగా ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని వింత వింత సౌండ్ ఎఫెక్టులు తయారు చేసేవాడు. శబ్దాన్ని అంకెలుగా మార్చడం, ఆ అంకెలను సాగదీసి, మడిచి, తలకిందులు చేసి మళ్లీ శబ్దంగా వినడం అతని పని. ఒకసారి గాజు గ్లాసు మోతను గంటసేపు సాగే హోరుగా మార్చాడు. సంగీతం చేసుకునేవాళ్ల కోసం దాన్ని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడితే వచ్చిన అభిప్రాయం ఒకే ఒక్కటి: "నా స్పీకర్ పాడైందనుకున్నాను."

అతనితో మాట్లాడే మనిషి అక్క ఒక్కతే. భర్త పోయాక ఊరికి అటు చివర ఒంటరిగా ఉండేది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. ఉన్నట్టుండి చెయ్యడం మానేసింది. ఇతను చేసినా ఎత్తలేదు. అలిగిందేమోనని వెళ్లాడు.

"అలకేంట్రా! ఫోన్ మోగేది వినపడి చస్తే కదా," అంది. "పిట్టల కూతలు కూడా పోయాయి. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

మాటలు వినపడుతున్నాయి, కీచుమనే సన్నటి శబ్దాలే ఆమెకు అందడం లేదు. వాటి శ్రుతిని కిందికి దించి, ఆమె చెవికి అందే చోట పెడితే? ఆ ఆలోచన పట్టుకుని మూడు నెలలు గది కదల్లేదు.

ఒక మధ్యాహ్నం లాప్‌టాప్, మైకు, హెడ్‌ఫోన్లు మోసుకెళ్లి అక్కను బాల్కనీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. ఎదుటి తీగ మీద పిచ్చుక అరిచింది. అక్క ఉలిక్కిపడింది.

"పిట్టేంట్రా ఇది! గొంతు పట్టేసిన కప్పలా ఉంది!"

పడీ పడీ నవ్వింది. తర్వాత కళ్లు మూసుకుని చాలాసేపు వింది.

"బాగుందా అక్కా?"

ఆమె మొహం మారిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నీ గొంతు కూడా ఎవరిదోలా అయిపోయిందిరా. ఇలా దగ్గరకొచ్చి మామూలుగా మాట్లాడు."

"మూడు నెలలు దీనికోసమే కూర్చున్నానక్కా."

"అదే అంటున్నా. ఈ మూడు నెలల్లో ఒక్కసారి వచ్చావా?"

అతను కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాడు. పిట్టల కోసం అక్క ఓ పది నిమిషాలు హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. తమ్ముడు నోరు తెరిస్తే తీసేసేది. మిగతా ఆరు రోజులూ గదిలో అతనికి మాటతో అవసరమే పడేది కాదు. అందుకే ఆదివారం మొదటి మాట బొంగురుగా, తెగి తెగి వచ్చేది.

"ఒంట్లో బాలేదా?" అనేది అక్క.

"బానే ఉందక్కా," అని గొంతు సవరించుకునేవాడు.