సత్తయ్య బొమ్మ భుజంపై గీత

కార్తీక మాసం, ఆదివారం సాయంత్రం. హుజూర్‌నగర్, మా పాత బడి హాలు. హాజరైనవారు: దివంగతుని సహధర్మచారిణి భాగ్యమ్మ, తమ్ముడు లింగయ్య, మాతో పనిచేసిన ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు, నేను.

డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. ఏ సభకు వెళ్లినా నేను మొదట రాసే పేరు సత్తయ్యది. ఈసారి ఆ పేరు సంతాప తీర్మానంలో ఉంది. నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయాడన్న వార్తను మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఆయన డ్రాయింగు మాస్టారు, నేను లెక్కల మాస్టారుని. స్కేలు ముట్టకుండా బోర్డు మీద సరళరేఖ గీసేవాడు. నిదానస్తుడనే అందరం అనుకున్నాం. ఆయన లోపలి ఆందోళన మాకు తెలిసింది విశ్రాంత జీవితంలో తీసిన యానిమేషన్ లఘుచిత్రంతోనే. సాగర్ కాల్వ ఒండ్రుతో మనిషి బొమ్మ చేయడం, దాన్ని వెంట్రుకవాసి జరిపి సెల్‌ఫోనుతో ఫోటో తీయడం, మళ్లీ జరపడం. ఆ ఫోటోలు వరుసగా తిరిగితే బొమ్మ నడిచేది.

చిత్రంలో ఒక మనిషి తలుపు గడియ పెట్టి కూర్చుంటాడు. లేచి గడియ చూసుకుంటాడు, మళ్లీ కూర్చుంటాడు. గడియ బిగించిన ప్రతిసారీ అతని ఛాతీలో ఓ చిన్న తలుపు తెరుచుకుంటుంది. మాటలు లేవు. దృశ్యమంతా సన్నగా అదురుతుంటుంది. చౌక ఫోను కదా అనుకున్నాం.

ఊరికి అంతటితో తృప్తి కలగలేదు. గడియ ఎవరికి భయపడి? హోటల్ బెంచీల మీద ఇదే ఆరా. లింగయ్య బాహాటంగానే అన్నాడు: "ఇంట్ల ఉన్నది వదినె ఒక్కతే. మా అన్న ఇంకెవలకు భయపడ్తడు?"

"భయం నాది, ఆ మనిషిని నేనే. తలుపు అవుతల ఎవ్వలు లేరురా," అని సత్తయ్య నవ్వేవాడు. నమ్మినవారు లేరు. భాగ్యమ్మ బతుకమ్మ ఆటకు రావడం మానేసింది. ఆయన పోయాక చూపులు మరింత పదునెక్కాయి. నిద్రలోనే పోయాడా అని గొణిగినవారూ ఉన్నారు.

ఆదివారం సంతాప సభలో ఆ చిత్రాన్నే గోడ మీద వేశారు. అందరూ భాగ్యమ్మ ముఖం చూస్తున్నారు. నేను బొమ్మ భుజం చూశాను. జరిపిన చోటల్లా ఒక బొటనవేలి ముద్ర కనిపించి మాయమవుతోంది. ఆ ముద్రకు అడ్డంగా ఒక గీత ఉంది. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్లం. సత్తయ్య వేలికి ఏ గాటూ లేదని నాకు తెలుసు. మరి ఆ చేయి ఎవరిది? ఎందుకు దాచారు? నాలుగు మాటలు మాట్లాడమని పిలిస్తే, గొంతు బాగాలేదని కూర్చున్నాను.

మరునాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. భాగ్యమ్మ నీళ్లగ్లాసు అందించింది. బొటనవేలికి అడ్డంగా పాత కొడవలి గాటు. నేను గ్లాసు అందుకోకుండా ఆమె చేతినే చూశాను.

"చూసినవా అన్నా," అని ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "రిటైరైనంక ఆయన చేతులు వణుకుడు మొదలైంది. డ్రాయింగు సారు చేతులు వణుకుతున్నయంటే పిల్లలు ఏమనుకుంటరని నాతోని ఒట్టు వేయించుకుండు. ఆయన చెప్పుడు, నేను జరుపుడు."

"అన్ని మాటలు పడుకుంట గూడ చెప్పకపోతివా చెల్లె?"

"ఒట్టు గద. ఇగ ఆయనకేం భయం? నువ్వు రాయి. గట్ల వణికెటోళ్లు ఇంకా ఉన్నరు. చదువుకుంటరు."

అందుకే రాస్తున్నాను. తన భయాన్ని మట్టిబొమ్మగా మలిచి నలుగురి ముందు నిలబెట్టిన మనిషి నాకు మరొకరు తెలియదు. ఆ భయానికి చేయి ఆసరా ఇచ్చి, నింద మోసిన మనిషీ మరొకరు తెలియదు.

బల్ల మీద తడిగుడ్డ కింద కొత్త చిత్రం బొమ్మ ఉంది. దాని చేయి గడియ దాకా వచ్చి ఆగింది. భాగ్యమ్మ గుడ్డ తీసి, ఆ చేతిని గడియ తీసే వైపు వెంట్రుకవాసి జరిపి, సత్తయ్య ఫోను నాకిచ్చింది.

"ఫోటో దియ్యి అన్నా."

తీశాను. చేయి నిలవలేదు, ఫోటో అదిరింది. మళ్లీ తీస్తానన్నాను.

"వద్దు," అన్నది. "ఆయన దీసినా గట్లనే అదురుతుండె. ఉండనియ్యి, గా అదురుడు నా వంతు అనేటోడు."