గుండు మీద నా ఉలిదెబ్బ

మా కాలంలో ఆడపిల్ల బండ ఎక్కడం ఒక ఆట అని ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా కాళ్ళు విరగ్గొడతామనే బెదిరింపే. నా మనవరాళ్ళు మీరేమో హైదరాబాదులో దానికోసం బూట్లు కొని, కింద పరుపు కూడా వేసుకుంటున్నారు. (మీరు పంపిన వీడియోలో ఆ పరుపు కనిపించేదాకా నా గుండె నా దగ్గర లేదు.) "వేలు పట్టే చోటు చాలడం లేదవ్వా, బండను కాస్త చెక్కుకుంటే తప్పా?" అని అడిగారు కదా. అడగాల్సిన మనిషినే అడిగారు.

మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, నాకంటే నాలుగేళ్ళే పెద్ద. మేం కట్టెలకు కొండకు పోయే దారిలో రెండు నిలువుల ఎత్తున నున్నటి బండరాయి ఒకటుండేది, గుండు అనేవాళ్ళం. దాని నడుమ నాలుగువేళ్ళు ఆనేంత అంచు. చిన్నమ్మ లంగా కుచ్చిళ్ళు నడుముకు దోపి, ఆ అంచు పట్టుకుని చకచకా ఎక్కేసేది. పైనుంచి, "గిద్దలూరు రైలు పొగ కనపడతాంది!" అని అరిచేది. నాకు అంచు అందేది కాదు, పొగ కనపడేది కాదు. ఆమె పైనున్నంతసేపూ చప్పట్లు కొట్టి, దిగాక ఓ మూల కూర్చుని ఏడ్చేదాన్ని.

మా నాయన మార్కాపురం పలకల గనిలో పనిచేసేవాడు. ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే రాయి పొరలుగా విడిపోవడం చూసి చూసి, రాళ్ళ సంగతంతా నాకు తెలుసనుకున్నాను. ఒక ఆదివారం ఆయన ఉలి, సుత్తి దొంగిలించి, కట్టెల మోపు మీద నిలబడి, అంచును కాస్త వెడల్పు చేద్దామని కొట్టాను. అంచు మొత్తం పళ్ళెంలా ఊడి నా కాలి పక్కన పడింది.

"అంచు ఏమాయెనే?" అంటూ వచ్చింది చిన్నమ్మ.

"ఊడిపోయింది."

"దానంతటదే ఊడిందా, నీ చేతికి ఉలి ఇచ్చి?"

నాయన కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "గనిలో రాయి కొడితే మనకు బువ్వ. దీన్నెందుకు కొట్టినావు తల్లీ? రెండేండ్లాగితే నీకే అందుతుండె గదా," అన్నాడు. నా ముఖం చూసి జాలేసి, "పోనీలే, నేనొచ్చి రెండు మెట్లు కొడతా," అన్నాడు.

"వద్దు బావా," అంది చిన్నమ్మ. "మెట్లే కావాలంటే మిద్దె ఎక్కుతా గదా, గుండెందుకు?"

ఇక పట్టు లేని ఆ గుండుతో చిన్నమ్మ పోరు మొదలైంది. రోజూ ఎక్కడం, జారడం, మోకాళ్ళు చెక్కుకుపోవడం. ఆమె ఇక ఎప్పటికీ ఎక్కలేకపోతే ఆ పాపం నాదేనని, నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని కిందే నిలబడేదాన్ని. "ఒక్కచోట, ఇంత చెక్కుదామా?" అని గొణిగితే, "నోరు మూసుకోని నీళ్ళియ్యి," అనేది. కందికోతల నాటికి ఒకరోజు, వేళ్ళతో పట్టడం మానేసి, అరికాళ్ళు బండకు అదిమి, నడుము ఒక పక్కకు వాల్చి, మెల్లగా, మెల్లగా పైకి పోయింది. అంత అందంగా ఎవరూ ఏ పనీ చేయగా నేను మళ్ళీ చూడలేదు. బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపింది. "రాయే, రైలొచ్చే యాళయింది!"

'నేనూ ఆ గుండెక్కినా' అని మీకు ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పాను. అసలు సంగతి ఇదీ, ఆమె ఎక్కింది, నన్ను లాగింది. పొగ మాత్రం నిజంగానే చూశాను.

ఇప్పుడు నాకు మంచం ఎక్కడమే కష్టంగా ఉంది. మంచం కోళ్ళు కోయించి ఎత్తు తగ్గిద్దామన్నాడు మీ తాత. వద్దన్నాను. పీట వేసుకుని ఎక్కుతున్నాను.