కంప్యూటరుకు కుట్టిన మిల్లు చొక్కా

రండి, ఇట్లా దగ్గరగా వచ్చి కూర్చోండి. గోడకు మాత్రం ఆనుకోవద్దు, సముద్రం పక్క ఇల్లు, సున్నం వీపుకు అంటుకుంటుంది. చాప మీదికి జరిగితే మా కంప్యూటరుకు జబ్బు చేసిన సంగతి చెప్తాను.

మాది సోలై నగర్ దగ్గర, అలల చప్పుడు వినపడే వీధి. ఇక్కడ ఉప్పుగాలి తినని వస్తువు లేదు. మా గేటు బందులు తినేసింది. మిక్సీ అడుగు తినేసింది. నా పెళ్లికి పెట్టిన ఇనుప బీరువా కాళ్లు తినేసి, దాన్ని నా ఎత్తుకు తెచ్చింది. అందుకే మా వీధిలో ఏ వస్తువు కొన్నా ముందు దానికి గుడ్డ కుడతారు, తర్వాతే వాడతారు. మనుషులకు కొత్తబట్టలు ఉన్నా లేకపోయినా గ్రైండరుకు ఉంటాయి.

మా కోడలు సెకండ్ హ్యాండులో కంప్యూటరు కొన్న రోజు, మా ఆయన టేపు తెచ్చి దాని డబ్బాకు కొలతలు తీసుకున్నాడు. ఆయన ఇక్కడి బట్టల మిల్లులో పనిచేసిన మనిషి. మిల్లు మూసేసిన రోజు చంకలో ముతకగుడ్డ చుట్ట ఒకటి పెట్టుకుని ఇంటికి వచ్చాడు. అప్పటినుంచి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దిండ్లకు గలేబులు కుట్టుకుంటానని నేను అడిగితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి గుడ్డను కంప్యూటరు కోసం తనంతట తనే కత్తిరించాడు. నాలుగు పక్కలా మూసి, వెనక బొత్తాలు పెట్టి, తీగలు రావడానికి ఒక సందు, స్విచ్చి నొక్కడానికి వేలు పట్టేంత రంధ్రం వదిలాడు.

"మంచి చొక్కా మాదిరి ఉందయ్యా" అన్నాను.

"చొక్కానే" అన్నాడు.

మా కోడలు అప్పటిదాకా బజారులో ఒక బట్టల షాపులో బిల్లులు వేసేది. ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి దొరికిందని అది మానేసింది. ఎక్కడిదో దూరపు కంపెనీ. వస్తువు కొన్నవాళ్లు ఫోన్ చేసి తిడితే, తిట్లు విని, కంప్యూటరులో చూసి, మర్యాదగా జవాబు చెప్పాలి. అది నీకు కష్టం కాదులే, ఇన్నేళ్లు నా కింద కోడలిగా ఉన్నావు కదా అని నేనే ధైర్యం చెప్పాను.

శుక్రవారం ఆ కంపెనీవాళ్లు దూరం నుంచే కంప్యూటరును తడిమి చూశారు. లోపల కొన్ని ఫైళ్లు చెడిపోయాయన్నారు. సోమవారం పొద్దున మళ్లీ చూస్తామని, అప్పటికి బాగుచేసుకోకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని చెప్పారు. షాపులో తన చోట అప్పటికే వేరే అమ్మాయి కూర్చుని ఉంది. మా అబ్బాయి జీతం ఒక్కటే ఇంటికి చాలదు. కోడలు ఆ రాత్రి సరిగా తినలేదు.

ఆమె అన్న చెన్నైలో కంప్యూటర్ల పనే చేస్తాడు. శనివారం పొద్దున ఫోన్ చేసి చెప్పాడు. మందు బయట యాడా కొనక్కర్లేదు, కంప్యూటరు కడుపులోనే ఉందట. నల్లటి కిటికీ లాంటిది తెరిచి అందులో ఒక ముక్క టైపు చేస్తే, అది తన ఫైళ్లన్నీ తనే వెతుక్కుని, చెడినవి తీసేసి మంచివి పెట్టుకుంటుందట. నూటికి ఇంత అయింది, ఇంత అయింది అని అంకె చూపిస్తూ పోతుందట.

కోడలు టైపు చేసింది. అంకె కదిలింది. ముప్పై ఏడు దగ్గర నిలబడిపోయింది.

"కొంచంసేపు ఆగు. ఒక్కోసారి అట్టనే నిలబడి మళ్లీ నడస్తాది" అన్నాడు ఫోనులో అన్న.

ఆగాము. నేను సాంబారు దించి, అన్నం వార్చి వచ్చాను. ముప్పై ఏడే. తెరమీది బాణం గుర్తు కూడా కదలడం లేదు. కదులుతున్నది మా పిల్లి ఒక్కటే. ముసురు పట్టిన రోజులు కదా, అది పొయ్యి పక్కనుంచి లేచి వచ్చి, కంప్యూటరు డబ్బా మీద చుట్టచుట్టుకుని పడుకుంది.

"నా గుడ్డ మీద బొచ్చు రాలుస్తా ఉంది సూడు" అన్నాడు మా ఆయన.

ఆపి, మళ్లీ మొదలుపెడితే ఈసారి యాభై దాటి ఆగింది. మూడోసారి ఇరవై కూడా దాటలేదు.

"ఇదేందిది, ఒక్కోసారి ఒక్కోచోట!" అన్నాడు అన్న. "చెడిన ఫైలు ఒకటే అడ్డం పడి ఉంటే ప్రతిసారీ అదే చోట ఆగాల గదా."

తర్వాత అన్న చెప్పినవన్నీ కోడలు చేసింది. ఆ మందు కంటే ముందు పట్టించే ఇంకో మందు ఉందన్నాడు, దాన్నీ పట్టించబోతే అదీ సగంలో ఆగింది. డిస్కును పరీక్ష చేయమన్నాడు. ఆ పరీక్ష తొందరగా ముగిసి, డిస్కులో తప్పేమీ లేదని వచ్చింది. ముఖ్యమైనవి తప్ప ఇంకేమీ లేవకుండా కంప్యూటరును లేపే పద్ధతి ఒకటి ఉందట, జ్వరం మనిషికి గంజి మాత్రమే పోసినట్టు. అట్లా లేపితే అక్షరాలు లావుగా, వికారంగా వచ్చాయి. అంకె మాత్రం మళ్లీ సగంలోనే ఆగింది.

"ఏమ్మా, డబ్బాకు గాలి తగలతా ఉందా?" అని అడిగాడు అన్న.

"కిటికీ పక్కనే గదా అన్నా. పగలంతా సముద్రం గాలే."

అందులో అబద్ధం ఏమీ లేదు. కిటికీ పక్కనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నానికి కోడలు టైపు చేయడం మానేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"షాపులో ఆ పిల్ల మానేస్తే నన్ను మళ్లీ పిలస్తారేమో అత్తా" అంది.

"ఎందుకు మానేస్తాది, పావం, అది ఇప్పుడే గదా చేరింది" అన్నాను. అని ఉండకూడదు. నోట్లోంచి వచ్చేసింది.

మా ఆయన అప్పటిదాకా పేపరు చూస్తున్నవాడు లేచి వచ్చాడు. కోడలికి ధైర్యం చెప్పడం ఆయనకు రాదు. అందుకని పిల్లిని తిట్టాడు.

"ఏయ్, దిగే! యాడా చోటు లేనట్టు దీని మీదే పొణుకుంటావా?"

పిల్లి దిగలేదు. ఆయన దాని పొట్ట కిందకు చేయి పోనిచ్చి ఎత్తాడు. ఎత్తి అట్లాగే నిలబడిపోయాడు. పిల్లి ఆయన చేతుల్లోంచి జారి పోయింది. ఆయన అరచేతిని గుడ్డ మీద ఆనించి, వెంటనే తీసేశాడు. వంగి గుడ్డను వాసన చూశాడు. మిల్లులో ఉన్నంతకాలం ఆయన పని ఏమిటో నాకు తెలుసు. మోటార్ల మీద పడే దూది పీచును ఎప్పటికప్పుడు దులపడం. పీచు కప్పుకుంటే మోటారు కాలిపోతుందని పెళ్లయిన కొత్తలో నాకు చెప్పిందీ ఆయనే.

డబ్బా వెనక్కి పోయి ఒక్కొక్క బొత్తామూ విప్పాడు.

"ఏంది మామా?" అంది కోడలు.

"అంతా పిల్లి బొచ్చు. ఉతకాల."

బయట చినుకులు పడుతున్నాయి. ముసురులో మిల్లుగుడ్డ ఉతికితే మూడు రోజులకు గానీ ఆరదు. ఆ మాట నేనూ అనలేదు, కోడలూ అనలేదు. ఆయన గుడ్డను భుజాన వేసుకుని పెరట్లోకి పోయాడు.

కోడలు డబ్బా పక్కకు చేయి పెట్టి చూసింది. లోపలి ఫ్యాను పెద్దగా ఊపిరి తీసుకున్నట్టు చప్పుడు చేసింది. "అన్నకు ఏమని చెప్పేది అత్తా?" అని గుసగుసగా అడిగింది.

"మామ ఉతకతా ఉండాడని చెప్పు."

వేడి చల్లారేదాకా ఆగి మళ్లీ ఆ ముక్క టైపు చేసింది. అంకె ముప్పై ఏడు దాటింది. యాభై దాటింది. పెరట్లో బట్టలబండ మీద దబ్‌దబ్‌మని చప్పుడు, ఇక్కడ అంకె. తొంభై దగ్గర కాసేపు నిలబడింది. కదిలింది. నూరు అయింది. చెడిపోయిన ఫైళ్లు దొరికాయి, బాగుచేశాను అని ఇంగ్లీషులో వచ్చిందట, కోడలు నాకు చదివి చెప్పింది. చెప్తూ ఏడ్చింది.

మా ఆయన తడి చేతులతో వచ్చాడు.

"అయ్యిందా?"

"అయ్యింది మామా."

"ఉతికితే అన్నీ సరిగ్గా ఉంటాయి" అన్నాడు.

సోమవారం పొద్దున కంపెనీవాళ్లు చూసి బాగుందన్నారు. పది గంటలకు కోడలు మొదటి తిట్టు వినడానికి కూర్చుంది. మర్యాదగానే జవాబు చెప్పింది.

గుడ్డ ఆరాక ఆయన డబ్బా పక్కన గోడకు మేకు కొట్టి, దాన్ని అక్కడ తగిలించాడు. తొడగవా అని అడిగాను.

"పని చేసేటప్పుడు చొక్కా ఎందుకే? మిల్లులో మేమంతా షిఫ్టు ఎక్కితే విప్పి మేకుకు తగిలించే వాళ్లం. దిగినాక తొడుక్కునే వాళ్లం."

అప్పటినుంచి మా ఇంట్లో అదే పద్ధతి. సాయంత్రం కోడలు ఫోను పెట్టేసి, డబ్బా చల్లారాక, ఆయన వచ్చి చొక్కా తొడిగి బొత్తాలు పెడతాడు. పొద్దున విప్పి మేకుకు తగిలిస్తాడు. పిల్లి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట్లో మొదలుపెట్టిన ఏ పనీ సగంలో నిలబడకుండా నూటికి నూరూ నడవాలి. మీ ఇంటి పెద్దవాళ్లు కుట్టినది ఏదైనా సరే, విప్పాల్సిన వేళకు వాళ్ల చేతులతోనే విప్పాలి. చల్లగా ఉండండి.