పాట మధ్యలో పిక్కు మార్చే బావ

పాట మధ్యలో ఆపి పిక్కు మార్చకుండా బావ ఒక్క పాటయినా పూర్తిచేసిన పాపాన పోలేదు. ఆయన పక్కనే కూర్చుని డ్రమ్ములు వాయించే బావమరిదిని అడగండి, ఒట్టేసి చెబుతాడు.

గిటారు తీగలు మీటడానికి వేళ్ళ మధ్య పట్టుకునే పిక్కు ఎంతని? చొక్కా గుండీకన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ బిళ్ళ. దాని గురించి ఒక మనిషి ఇంత ఆలోచించగలడని బావను చూసేదాకా లోకానికి తెలియదు.

బావది కళ్ళద్దాల దుకాణం. పగలంతా వచ్చినవాళ్ళ ముక్కుమీద ఖాళీ ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకోటి వేస్తూ "ఇప్పుడు?" అంటూ ఉంటాడు. సాయంత్రం ఇంటికొచ్చినా ఆ ధోరణి పోదు. కళ్ళద్దాల పెట్టె ఒకటి తెరుస్తాడు. అందులో కళ్ళద్దాలుండవు, పిక్కులుంటాయి. ఒకటి తీసి తీగల మీద లాగి, కూర తరుగుతున్న భార్యను, అంటే బావమరిది అక్కను, "ఇప్పుడు?" అంటాడు.

"బానే ఉందండీ."

"పోనీ, ఇప్పుడు?"

"అదీ బానే ఉంది."

"రెండూ బానే ఉంటే లోకంలో రెండు రకాలెందుకు చేస్తారే?"

అక్క ఆ ప్రశ్నను పక్కకు తోసి, కత్తిపీట మీద ఇంకో వంకాయ పెట్టింది.

మనిషి కనబడితే చాలు, బావ ముందుగా చేతులు చూస్తాడు. గిటారు నేర్చుకుందామని ఒక బ్యాంకు ఆఫీసరు భార్యతో సహా సలహా కోసం వస్తే, ఆయన్ని లోపలికి రానిచ్చి మళ్ళీ బయటికి పంపాడు.

"ఒకసారి తలుపు కొట్టండి."

ఆఫీసరు కొట్టాడు. గోడమీది గడియారం కదిలింది.

"అర్థమైంది. మీకు పల్చటి పిక్కు కావాలి. చెయ్యి దురుసైతే బిళ్ళ వంగాలండీ. చెయ్యీ వంగక, బిళ్ళా వంగకపోతే తీగ తెగుతుంది."

"ఆ ముక్క ఇంకోసారి చెప్పండి, ఈయన సరిగ్గా వినలేదు" అంది ఆఫీసరు భార్య.

పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. నోట్లో పరికరం ఉండగానే బావ ఏదో గొణిగాడు. డాక్టరు కంగారుపడి "నొప్పా?" అన్నాడు. పక్కనున్న బావమరిది సిగ్గుతో చచ్చిపోతూ తర్జుమా చేశాడు. "మీ చెయ్యి నిదానమటండీ. ఒక్కొక్క తీగనూ విడిగా పలికించే చెయ్యట. మందపాటిది, మొనతేలిన పిక్కు వాడమంటున్నాడు." డాక్టరు జన్మలో గిటారు ముట్టుకోలేదు. అయినా ఆ సాయంత్రం తన చేతిని కాసేపు గర్వంగా చూసుకునే ఉంటాడు.

"ఇందరికి చెబుతావు కదా బావా, మరి నీ తీరుకి ఏది సరిపోతుంది?" అని బావమరిది ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "అదేరా వెతుకుతున్నా."

ఒకప్పుడు ఆ వెతుకులాట పాటకీ పాటకీ మధ్య జరిగేది. అదైతే మనిషన్నవాడు భరించగలడు. నిరుడు వానాకాలం నుంచి పాట మధ్యలోకి వచ్చిపడింది. ఆ వానల్లోనే అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆసుపత్రి పాలైంది. మంచంమీద ఉన్నన్నాళ్ళూ డాక్టర్లను ఆమె అడిగింది ఒక్కటే, "మళ్ళీ పాడగలనా?" అని. మొత్తానికి లేచి తిరిగింది, పాడటం మొదలుపెట్టింది. అక్క జబ్బు తగ్గింది, బావ జబ్బు ముదిరింది అని బావమరిది తల పట్టుకున్నాడు.

ప్రతి శనివారం సాయంత్రం ఒక పెద్ద హోటలు భోజనాల హాలులో ముగ్గురూ కచేరీ చేస్తారు. అక్క గొంతెత్తగానే నోటి దాకా వెళ్ళిన చెంచాలు ఆగిపోతాయి. రెండో చరణం పైకి ఎక్కుతుంది. సరిగ్గా అక్కడ బావ అరచెయ్యి తీగల మీద పడుతుంది.

"ఒక్క నిమిషం."

పెట్టె టప్పుమని తెరుచుకుంటుంది.

"మళ్ళీ మొదలెట్టారా! మీ పిక్కులు పాడైపోనూ!" అంటుంది అక్క మైకులోనే. జనం నవ్వుతారు. బావ ఒకటి తీసి మీటి, "ఇప్పుడు?" అంటాడు. అక్క తల అడ్డంగా ఊపుతుంది. ఇంకోటి తీస్తాడు. "ఇప్పుడు?" "ఊఁ, కానివ్వండి." అప్పటికి పులుసు చల్లారిపోతుంది, బావమరిది ప్రాణం విసిగిపోతుంది.

చివరికి హోటలు మేనేజరు బావమరిదిని పక్కకు పిలిచాడు. "మీ అక్కగారిది బంగారంలాంటి గొంతు. మీ బావగారితోనే వచ్చింది చిక్కు. వచ్చే శనివారం మా యజమాని పిల్లాపాపలతో భోజనానికొస్తున్నారు. పాట మధ్యలో ఆ పెట్టె తెరిస్తే, ఇక్కడ మీకదే ఆఖరి పాట."

బావమరిది పరుగున వెళ్ళి చెప్పాడు. "బావా, నీకు దణ్ణం పెడతాను. అక్క పాట పోతుంది. ఆ ఒక్కరోజు ఆ పెట్టె ముట్టుకోకు."

"చూద్దాంలేరా" అని బావ పెట్టె తెరిచాడు. "అసలు ఆ హాలుకి మందం కాస్త తగ్గాలేమో."

ఇక మాటలతో లాభం లేదనుకున్నాడు బావమరిది. ఆ ఇంట్లో చెంచాలకన్నా కళ్ళద్దాల పెట్టెలు ఎక్కువ. శనివారం మధ్యాహ్నం బావ స్నానానికి వెళ్ళగానే పిక్కుల పెట్టె తీసి, దాని స్థానంలో అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టాడు. వాయించడానికని ఒక్క పిక్కు మాత్రం గిటారు తీగల మధ్య గుచ్చాడు. చిత్రమేమిటంటే, పెట్టెలో పిక్కులన్నీ కొన్ననాటిలా మెరుస్తున్నాయి. అంచు అరిగింది తను గుచ్చిన ఆ ఒక్కటే. దాని సంగతి ఆలోచించే తీరిక అతనికి లేకపోయింది.

సాయంత్రం యజమాని కుటుంబం ముందు బల్ల దగ్గర కూర్చుంది. పాట మొదలైంది. రెండో చరణం పైకి ఎక్కింది. బావ అరచెయ్యి తీగల మీద పడింది.

పెట్టె తెరిస్తే అందులో ఎవరో ముసలావిడ బాగుచెయ్యమని ఇచ్చిన దళసరి కళ్ళద్దాలున్నాయి. బావ వాటిని చూశాడు. తర్వాత బావమరిదిని చూశాడు. బావమరిది పైకప్పును చూశాడు. గోడ పక్కన మేనేజరు పళ్ళు కొరుకుతున్నాడు. ఇక గత్యంతరం లేదు, ఉన్నదాంతోనే వాయిస్తాడు అనుకుంటూ బావమరిది కర్రలెత్తి, సైగ కోసం అక్కవైపు తిరిగాడు.

అక్క ఒక చెయ్యి డొక్కలో అదుముకుని ఉంది. జనం కోసం పెట్టుకున్న నవ్వు మొహంమీద అలాగే ఉంది కానీ, భుజాలు ఎగసి ఎగసి పడుతున్నాయి.

బావ తాపీగా ఆ ముసలావిడ కళ్ళద్దాలు ముక్కుకు తగిలించుకున్నాడు. చేతిలో పిక్కును కంటి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గిటారు గుండ్రటి రంధ్రంలోకి దాన్ని టుపుక్కున జారవిడిచాడు.

"అయ్యో, లోపల పడిపోయిందే!"

గిటారు తలకిందులు చేసి దులపడం మొదలుపెట్టాడు. లోపల పిక్కు గలగలలాడుతోంది కానీ రావడం లేదు. యజమాని పిల్లలు కుర్చీలెక్కి నవ్వుతున్నారు.

"మళ్ళీ... మొదలెట్టారా..." అంది అక్క. ఎప్పుడూ వినే తిట్టే. అది ముక్కలు ముక్కలుగా, ఊపిరి ఊపిరికీ తెగి వస్తోందని బావమరిది మొదటిసారి విన్నాడు. ప్రతివారం బావ పాట ఆపేది ఈ చోటే, అక్కకు ఊపిరి అందని చోటే. "ఇప్పుడు?" అని అడిగినప్పుడల్లా బావ తీగలవైపు కాదు, అక్కవైపే చూసేవాడు. మార్చినట్టే మార్చి, మళ్ళీ ఆ అరిగిన పిక్కే తీసేవాడన్నమాట.

అంతలో పిక్కు రంధ్రంలోంచి జారి, దొర్లుకుంటూ డ్రమ్ముల దగ్గర పడింది. అక్క భుజాలు ఇంకా నెమ్మదించలేదు. బావమరిది కాలు చాపి పిక్కును తొక్కిపట్టాడు.

"ఎక్కడ పడిందో చూడరా!"

"కనబడట్లేదు బావా!"

బావమరిది ఒంటి మోకాలి మీద కూర్చుని డ్రమ్ముల కింద వెతికాడు. మేనేజరు బూట్ల దగ్గర వెతికాడు. పాదం మాత్రం ఈడ్చుకుంటూనే తిరిగాడు, పిక్కు దాని కిందే ఉంది. పిల్లలు అది చూసి అరిచి చెప్పడానికి ముందే తల ఎత్తి అక్కను అడిగాడు.

"ఇప్పుడు?"

అక్క తమ్ముడి పాదంవైపు చూసింది. ఆమెకు అర్థమైంది. "ఊఁ" అంది. కాలు లేచింది. మిగతా పాటను అక్క ఒక్క అపశ్రుతి లేకుండా పాడింది. హాలంతా చప్పట్లు మోగాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నారు. "ఆ వెతుకులాట వచ్చే వారం కూడా ఉంటుందా? యజమానిగారి పిల్లలు మళ్ళీ వస్తామంటున్నారు" అన్నాడు.

సామాన్లు సర్దుకుంటున్నప్పుడు బావమరిది ఉండబట్టలేకపోయాడు. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నువ్వు నన్ను చూసుకుంటూ మెల్లిగా కొడతావు. జనానికి తెలిస్తే జాలిగా వింటారు. జాలిపడి వినే పాట నేను పాడనురా" అంది అక్క. "అందుకే ఆయన్ని గట్టిగా తిట్టేదాన్ని. నేను తిట్టకపోతే ఎవరు నమ్ముతారు?"

"మరి నిన్నందరూ పిచ్చోడంటున్నారు కదా బావా?"

"అది నాకు కొత్తా? ఉన్న పిచ్చే కదా, ఇంకాస్త సాగదీశాను" అన్నాడు బావ.

బావమరిది జేబులోంచి అసలు పెట్టె తీసి ఇచ్చాడు. బావ దాన్ని తెరవనైనా లేదు. అరిగిన పిక్కును దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"తొక్కడంలో నీ తీరు మంచిదేరా. కానీ నీ చెప్పు అడుగు మరీ మందం, బిళ్ళ వంగిపోయింది చూడు" అన్నాడు. "వచ్చే శనివారం పల్చటిది వేసుకురా."