సుగ్గికి పోయినవాళ్ల తాళాలు

పోయిన నెల మా మనవరాలు ఆన్‌లైన్‌లో ఒక వింత తాళం తెప్పించింది. గాజులా తేటగా ఉండే ప్లాస్టిక్ తాళం, లోపలి స్ప్రింగులూ ఇత్తడి పిన్నులూ పైకే కనిపిస్తుంటాయి, దాంతోపాటు సన్నని ఉక్కు పుల్లలు ఒక డజను. తాళంచెవి లేకుండా తాళం తీయడం ఇప్పుడు చదువుకున్న పిల్లలకు ఒక సరదా అట, చదరంగంలాగా దానికీ పోటీలు పెడతారట. ఆదోనిలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల సెలవులకు ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చి, రెండు రోజులు వరండాలో కూర్చుని దానితో కుస్తీ పట్టి, చివరికి విసుగొచ్చి నా ఒళ్లో పడేసింది. నేను కళ్లద్దాలు సవరించుకుని, ఒక పుల్లతో కొంచెం మెలితిప్పి పట్టుకుని, రెండో పుల్లతో పిన్నులను ఒక్కొక్కటే తడిమి, కాఫీ చల్లారేలోపల తీసి చేతిలో పెట్టాను. అది నోరు తెరిచి, "అవ్వా, నువ్వు టీచరుగా రిటైరైనావా, దొంగగానా?" అని పకపకా నవ్వింది. మా మామ నేర్పించాడని మాత్రం చెప్పి ఊరుకున్నాను. మిగతాది దానికి చెప్పడానికి నోరు రాలేదు. నా ఈడువాళ్లు మీరైతే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెబుతున్నాను.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ఆదోని బజారులో ఒక మేడమెట్ల కింద జానెడు చోటులో కూర్చుని గొడుగులు, కిరోసిన్ స్టవ్వులు, తాళాలు బాగుచేసేవాడు. మా వైపు తాళాన్ని బీగం అంటారు, అందుకని ఊళ్లో ఆయనకు బీగాలాయన అనే పేరు స్థిరపడింది. నేను ట్రెయినింగు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఏడాది, ఊరికే ఇంట్లో కూర్చోలేక వారానికొకసారి ఆదోని పోయి ఆయన పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేదాన్ని. విరిగిన గొడుగు పుల్లలను ఆకురాయితో అరగదీసి, కొన కొంచెం వంచి, నాకు నాలుగు పుల్లలు తయారుచేసి ఇచ్చాడు. ఎవరూ తీసుకుపోకుండా వదిలేసిన పాత తాళాలు ఒక గంప నిండా ఉండేవి, వాటి మీద నా విద్యాభ్యాసం. "బలం పెట్టాకు పాపా. బీగం మొండిది కాదు. అదే సెప్తాది, నువ్వు ఇనుకోవాల, అంతే" అనేవాడు. పెళ్లి కావలసిన పిల్లకు ఈ దొంగవిద్య ఏమిటని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకునేది గాని, పిన్ను కుదురుకున్నప్పుడు వేలి కొనకు తగిలే ఆ చిన్న అదురు ఉంది చూశారూ, దాని రుచి ఒకసారి మరిగితే వదలదు. బజారులో ఎవరైనా వచ్చి ఇంటి తాళం తీయమంటే మాత్రం మా మామ ఆ ఇంటి మనిషిని పక్కన నిలబెట్టుకుని గాని తలుపు మీద చెయ్యి వేసేవాడు కాదు. అది ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి కోడుమూరు దారిలో బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఒక మెట్ట ఊరు, ఒకే గది ఉన్న బడి. వానలు సరిగ్గా పడని ఆ నేల మీద వేరుశనగ ఇల్లు చేరీ చేరకముందే పని అయిపోయేది, జనవరి వచ్చేసరికి ఊరు ఊరంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కదిలేది. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. పిల్లలను కూడా తీసుకునే పోయేవాళ్లు, తిరిగి రావడం ఉగాది ముందర. పోయేరోజు ఒక్కొక్క ఇల్లాలూ ఇంటికి తాళం వేసి, తాను కట్టుకునే పాత చీర కొంగులోంచి ఒక పీలిక చించి తాళంచెవికి ముడివేసి, బడికి వచ్చి నా చేతిలో పెట్టేది. ఏ పీలిక ఏ ఇంటిదో చూడగానే తెలిసేది. చుట్టాలందరూ తమతో పాటే వలసపోతారు, మిగిలినవాళ్లతో ఏదో ఒక తగువు ఉండనే ఉంటుంది, ఇక నమ్మకంగా ఉండిపోయేది టీచరమ్మే. "నువ్వు యాడికీ పోవు గదమ్మా, నీకాడే పెట్టుకో" అనేవాళ్లు. ఇరవై ఇద్దరి ఇళ్ల తాళంచెవులు బడి బీరువాలో వేలాడుతుంటే, ఇరవై రెండేళ్ల నాకు గర్వంతో కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

పిల్లలు లేని బడిలో టీచరుకు పనేముంటుంది? మిగిలిన ఆరుగురు పిల్లలకు ఎక్కాలు చెప్పి పంపించాక బస్సు వచ్చేదాకా మూడు గంటలు ఖాళీ. మా మామ గంపలోని తాళాలన్నీ అప్పటికే నా చేతికి లొంగిపోయాయి. మధ్యాహ్నం ఎండలో నిర్మానుష్యంగా ఉన్న ఆ వీధిలో నడుస్తుంటే వరుసగా తలుపులు, తలుపు తలుపుకూ ఒక కొత్త రకం తాళం. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది నా పని. నేనేమైనా తీసుకుంటున్నానా, తాళంచెవులు నా దగ్గర లేవా, తీసి మళ్లీ వేసేస్తే ఎవరికి నష్టం అని నాకు నేనే సర్ది చెప్పుకుని, వీధి చివరి ఇంటి తాళంతో మొదలుపెట్టాను. అది మా రెండో తరగతి పిల్ల ఒకతె వాళ్ల ఇల్లు. పావుగంటలో తాళం ఊడి చేతిలోకి వచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే తలుపు తనంతట తానే కిర్రుమని వెనక్కి పోయింది. లోపల ఒక బోర్లించిన కుండ, పొయ్యిరాళ్లు, దండెం మీద ఒక చిరిగిన గోనెపట్టా. అంతే. ఇంకేమీ లేదు. నాకెందుకో సిగ్గనిపించి గబగబా తలుపు లాగి తాళం వేసి వచ్చేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. అది నిజంగా నా చేతి పనితనమా, గుడ్డి అదృష్టమా అనే అనుమానం నన్ను నిలవనివ్వలేదు. మూడో రోజు మళ్లీ పోయి అదే తాళం పట్టుకున్నాను. ఈసారి అది మొరాయించింది. మా మామ వద్దన్న పనే చేశాను, బలం పెట్టాను. గొడుగు పుల్ల కొన లోపలే విరిగిపోయింది. ఎంత తంటాలు పడ్డా బయటికి రాలేదు. ఉగాదికి ఇంకా నెల ఉంది, ఆదివారం మామను పిలుచుకొస్తే సరిపోతుంది అనుకున్నాను. ఆ ఆదివారం ఆయనకు జ్వరం, పై ఆదివారం నాకు పెళ్లిచూపులు. ఈలోగా ఆ ఏడు మిరపతోటలకు తెగులు తగిలి, కోతలు లేక, సుగ్గివాళ్లు పదిహేను రోజులు ముందే దిగిపోయారు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. సుగ్గి నుంచి వచ్చిన ఇల్లాలు గడప మీద నీళ్లు చల్లి, తన చేత్తో తాళం తీసి లోపలికి అడుగుపెట్టేదాకా ఆ ఇంటివాళ్లెవరూ ఊళ్లో ఎవరింటా మంచినీళ్లు కూడా ముట్టరు. తాళం పగలగొట్టి లోపలికి పోతే పరాయి ఊరి దరిద్రం కూడా వెంట వస్తుందని నమ్మకం. ఆ చివరి ఇంటి పిల్ల తల్లికి తాళంచెవి నేనే ఇచ్చాను, ఏమీ ఎరగనట్టు. ఆమె గడప ముందు నిలబడి తిప్పి తిప్పి చూసింది, చెవి సగం కూడా దూరలేదు. మొగుడు రాయి అందుకుంటే పెద్దవాళ్లు వారించారు. ఎవరో వంగి చూసి లోపల ఇనుప ముక్క ఉందన్నారు. అంతే, ఆమె పక్కింట్లో ఉన్న తోడికోడలి మీద విరుచుకుపడింది. ఆ తోడికోడలు నెల బాలింత, కాన్పు దగ్గరపడిందని ఆ ఏడు సుగ్గికి పోలేదు. ఇద్దరికీ నడిమిగోడ దగ్గర పాత తగువు.

"గోడ పంచాయితీ మనసులో పెట్టుకొని నా బీగంలో పుల్ల ఇరగ్గొట్టినావు గదే! పొద్దున్నుంచి పిల్లోల్లకు గుక్కెడు నీల్లు లేవు!"

"నేను గడప దాటలేదక్కా, నా బిడ్డ తోడు!" అని ఆ బాలింత ఏడుస్తుంటే, పెద్దమనిషి ఒకాయన, "అట్లయితే బిడ్డ తల మీద చెయ్యిపెట్టి సెప్పు" అన్నాడు. ఆమె ఒళ్లోని పసిగుడ్డు మీదికి చెయ్యి ఎత్తింది. అప్పటిదాకా నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే రోత. ఆ చెయ్యి బిడ్డ తలకు తగలకముందే, ఒట్టు వద్దు, ఆ పని నాది అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, ఆ ఎండలో, జడలోని పిన్ను తీసి, గంటసేపు చెమటలు కక్కుతూ ఆ విరిగిన ముక్కను బయటికి లాగాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయిందని వెనక ఎవరో గొణిగారు, అది న్యాయమే. ఆ ఇంటి ఇల్లాలు తాళం తీసి, పిల్లలకు నీళ్లు పోసి, మళ్లీ గడప దగ్గరికి వచ్చింది.

"తలుపు తెరిసినావా టీచరమ్మా?"

తెరిచానన్నాను.

"లోపల సూసినావా?"

చూశానన్నాను.

ఆమె కోపం లేకుండానే అంది: "ఏమన్నా ఉంటే పోతాదని గాదమ్మా బీగమేసేది. ఏమీ లేదని నలుగురికీ తెలీకూడదని."

ఆ మరుసటి ఏడు సుగ్గి కాలం వచ్చినప్పుడు ఇక బీరువా ఖాళీగానే ఉంటుందనుకున్నాను. కాదు, ఊరు నన్ను క్షమించింది, తాళంచెవులు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ తోడికోడలు కూడా తెచ్చి ఇచ్చింది. ఆ చివరి ఇంటి ఇల్లాలు మాత్రం తనది నడుముకు కట్టుకుని గుంటూరుకు పోయింది. పోతూ బడి ముందు ఆగి ఎప్పటిలాగే నవ్వి పలకరించింది, తిరిగొచ్చాక మిరపకాయలు ఒడి నిండా తెచ్చి పోసింది, తాళంచెవి సంగతి ఎత్తలేదు.

మొన్న మేము వారం రోజులు ఊరికి పోతూ తాళంచెవి ఇవ్వబోతే పక్కింటి అమ్మాయి, కెమెరా ఉంది కదా ఆంటీ, మా దగ్గరెందుకు అంది. ఆమె తప్పేమీ లేదు, వాళ్లు ఊరికి పోయేటప్పుడు నాకూ ఇవ్వరు. పనివాళ్లు ఇప్పటికీ వలసపోతూనే ఉన్నారు గాని, బడి టీచరుకు తాళంచెవి ఇచ్చి పోయే ఇల్లాలు ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ఒక ఇంటి తాళంచెవి చేతికి రాకపోవడం ఒక శిక్ష అని ఈ కాలం పిల్లలకు ఎట్లా చెప్పను? ఆ ఊళ్లో ఇంకా ఏడేళ్లు పనిచేశాను. ఏడేళ్లూ, సుగ్గి లారీ కదిలే రోజు, అందరి తాళంచెవులూ వచ్చేశాక కూడా బీరువా మూయకుండా బడి గడపలో నిలబడి ఆ చివరి ఇంటి ఇల్లాలి కోసం చూసేదాన్ని.